ఒకే ఇంటి వంపులు

ఫెలోషిప్ గడువు అయిపోయాక హాస్టల్ గది ఖాళీ చేసి, అట్టపెట్టెల నిండా కంప్యూటర్ కాగితాలతో ఇనప గనుల ఊరు కిరండూల్లో, అమ్మానాన్నల దగ్గర దిగాను. మా రైల్వే క్వార్టరు వెనక వసారాలో బట్టలారేసుకునే తాడు ఒకటి ఉండేది. వారం తిరక్కుండా అది నాదైపోయింది. అమ్మ చీరలకు బదులు దాని మీద ఇనప తీగ వంపులు వేలాడడం మొదలైంది. అమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. వానాకాలంలో బయట ఆరేయడానికి లేదు, వాన లేని రోజుల్లో ఆరేస్తే కొండ మీది గనుల ఎర్ర దుమ్ము తెల్ల బట్టను తెల్లగా ఉండనివ్వదు. ఉన్న ఒక్క నీడనూ నేను కబ్జా చేశాను.

“ఏటే ఇవి? పెద్ద సదువుకని పంపితే తీగలొంచడం నేర్సుకొచ్చినావేటి?” అంది అమ్మ.

అమ్మకు చెప్పినట్టే మీకూ చెబుతాను. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఒంట్లో ఆ గొలుసు చాపినట్టు ఉండదు, తనలోకి తను ముడుచుకుని ఉండకట్టుకుంటుంది. అలాంటివాటిని గోళాకార ప్రోటీన్లు అంటారు. ఆ ఉండలో కొన్ని చోట్ల గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది, దాన్ని హెలిక్స్ అంటారు. కొన్ని చోట్ల సాపుగా సాగి పక్క వరసతో జతకడుతుంది, దాన్ని స్ట్రాండ్ అంటారు. పుస్తకాల్లో ఈ రెండింటికీ బోలెడు మర్యాద. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే గొలుసు ఎక్కడో ఒకచోట వంగి వెనక్కి తిరగాలి కదా, ఆ తిరిగే ముక్కే లూపు. నేను చదువుకునే రోజుల్లో లూపుల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. వాటికో పద్ధతీ పాడూ లేదని, ఎలా పడితే అలా తిరుగుతాయని చాలామంది తేల్చేసేవాళ్లు. ఆ మాట నాకు మొదటి నుంచీ గిట్టేది కాదు. వాటిలోనూ వర్గాలున్నాయని, ఏ లూపు ఏ వర్గానిదో చెప్పవచ్చని చూపించడం నా పరిశోధన.

అమ్మ అంతా విని, అయితే ఆ వర్గాలేవో కాగితం మీద రాసుకోక తీగలెందుకు అంది. అదీ సబబైన ప్రశ్నే. మా విశ్వవిద్యాలయంలో బొమ్మ చూపించే కంప్యూటరు ఒకటే ఉండేది, దాని ముందు కూర్చోవడానికి అందరితో పోట్లాడాలి. కిరండూల్లో అదీ లేదు. నా దగ్గరున్నవి అంకెలు. గొలుసు ఎక్కడ ఎంత తిరిగిందో చెప్పే కోణాలు. అంకెల్ని చూస్తే కళ్లు బైర్లు కమ్మేవి తప్ప ఆకారం తోచేది కాదు. అందుకని ఇళ్లు కట్టేచోట ఇనప చువ్వలకు చుట్టే బైండింగ్ వైరు బజార్లో కొనుక్కొచ్చి, నాన్న కటింగ్ ప్లయరుతో ఒక్కో ఆమ్లానికి ఒక్కో వంపు చొప్పున ఒక్కో లూపునూ చేసేదాన్ని. ఒకలాంటివన్నీ తాడు మీద ఒకచోట తగిలించేదాన్ని. ఎందులోనూ ఇమడనివి బిస్కెట్ల డబ్బాలో వేసేదాన్ని. ఆ డబ్బా ముందు నిండింది, తర్వాత ఇంకో డబ్బా నిండింది.

నాన్న రైల్వేలో ట్రాక్ గ్యాంగు మేటు. కొండ నుంచి ఖనిజం మోసుకుంటూ విశాఖ వైపు దిగే గూడ్సు బళ్ల కింద పట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో తన మనుషులతో చూసుకోవడం ఆయన ఉద్యోగం. నా పని గురించి ఒక్క మాటా అడగలేదు. ప్లయరు మాత్రం వాడాక తుడిచి పెట్టమన్నాడు. కాలనీ వాళ్లు అంత పెద్దమనుషులు కారు. నెల తిరిగేసరికి నాకు తీగల డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. కుళాయి దగ్గర ఎవరో ఒకరు, మా ఇంటి తడిక ఊడింది, కాస్త తీగ కట్టిపోమ్మా డాక్టరమ్మా అనేవాళ్లు. నవ్వేదాన్ని గానీ లోపల మండేది. ఎందుకంటే నేను ఇంకా డాక్టర్ని కాను. తీసిస్ ఇస్తే అవుతాను, ఇవ్వలేకపోతే కిరండూల్లో తీగలు వంచుకునే పిల్లగానే మిగులుతాను. మా గైడు మొహమాటం లేని మనిషి. ఉన్న వర్గాల్లోకి లూపుల్ని సర్దితే అది సామాన్లు సర్దుకోవడమే అవుతుందని, ఇంతవరకు ఎవరూ చూడని వర్గం ఒక్కటైనా దొరికితేనే అది తీసిస్ అవుతుందని ముందే చెప్పేశాడు.

అది దొరికింది. ఒక స్ట్రాండుకూ దాని తర్వాతి హెలిక్స్‌కూ మధ్య వచ్చే లూపు. మొదట కాస్త ఎడమకు వాలి, మధ్యలో గట్టిగా మెలి తిరిగి, చివర్లో తలెత్తుకున్నట్టు లేస్తుంది. ఒకటి చేసి తగిలించాను. కొన్నాళ్లకు ఇంకోటి అలాగే వచ్చింది. కోణాలు తప్పుగా చదివానేమోనని మళ్లీ చూశాను, తప్పు లేదు. ఒక్కో ప్రోటీనూ ఒక్కో జీవిది, ఒక్కో పని చేసేది. అయినా లూపు మాత్రం అదే. తాడు మీద ఆ గుత్తి పెరుగుతూ పోయింది. ఒకటే ఎన్నిసార్లు వంచుతావే అని అమ్మ విసుక్కుంటే, ఆ మాటకే ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పాను. అంత సంతోషం నాకు అంతకుముందు లేదు. వెంటనే బజారుకు పోయి ఎస్టీడీ బూతులో గైడుకు ఫోన్ చేశాను. బూతు యజమానికి తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా అరుస్తూ చెప్పాను. గైడు ఎక్కువ మాట్లాడలేదు. రాయడం మొదలుపెట్టు, ఇదే నీ పెద్ద అధ్యాయం అన్నాడు. రాయడం మొదలుపెట్టాను. ఆ వర్గానికి పేరు కూడా ఆలోచించుకున్నాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లోనే నాన్న మేనమామ రిటైరయ్యాడు. నాకు తాత వరస. మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో భోజనాలు పెట్టారు. లైను పొడుగునా ఉన్న స్టేషన్ల నుంచి, గీదం నుంచి, జగదల్‌పూర్ నుంచి మా శ్రీకాకుళం వాళ్లంతా దిగారు. హాల్లో ఏ మూల చూసినా ఏదో ఒక వరసే. బావ, మావ, పిన్ని, అప్ప. వరస తెలియని మనిషి ఎదురైతే అమ్మ ఊరుకునేది కాదు, రెండు ప్రశ్నల్లో ఏదో ఒక పిలుపు తేల్చేసేది. ఆడవాళ్లం వడ్డనలో ఉన్నాం. పప్పు బేసిను నాకు అప్పజెప్పారు.

కొత్తగా వచ్చిన సెక్షన్ ఇంజనీరు బిలాస్‌పూర్ వైపు మనిషి. లేచి హిందీలో మాట్లాడాడు. ఈ లైనులో ఎక్కడికి వెళ్లినా పట్టాల పనిలో మంచి చేయి అంటే శ్రీకాకుళం వాళ్లదేనని, పట్టా మీద సుత్తి వేసే తీరు దగ్గర్నుంచి అందరిదీ ఒకే పద్ధతి అని, ఆ జిల్లా మట్టిలోనే ఏదో ఉండి ఉంటుందని పొగిడాడు. హాలంతా చప్పట్లు. మా వాళ్లు పొగడ్త అంటే చెవి కోసుకుంటారు. జవాబుగా నాలుగు ముక్కలు చెప్పమని నాన్నను లేపారు. నాన్న తనకొచ్చిన హిందీలో ఏదో చెప్పి, ఇంజనీరు నవ్వాక, మా వైపు తిరిగి అదే తెలుగులో చెప్పాడు.

“మట్టిలో ఏటీ లేదు. లైనేసినప్పుడు మా మావొచ్చినాడు. ఆయనెనక మేవొచ్చినాం. పని ఆయనే నేర్పినాడు. జిల్లా అంతా రాలేదు, ఒకిల్లొచ్చింది.”

అందరూ నవ్వారు. నేను వడ్డిస్తున్న పప్పు ఆకులో పడక ఎదురుగా కూర్చున్న బావ చేతి మీద పడింది. ఆయన పెట్టిన కేక నాకు సరిగ్గా వినపడలేదు. ఆ ఇంజనీరు ఏం చేశాడో నేనూ అదే చేశాను. ఒకలాంటి పనితనం చాలా చోట్ల చూసి, అదొక సూత్రం అనుకున్నాడు ఆయన. ఒకలాంటి వంపు చాలా ప్రోటీన్లలో చూసి, అదొక వర్గం అనుకున్నాను నేను. వాళ్లంతా ఒకే ఇంటివాళ్లయితే?

ప్రోటీన్లకూ చుట్టరికాలుంటాయి. ఎప్పుడో ఉన్న ఒక ప్రోటీను కోట్ల సంవత్సరాల్లో చీలుతూ, మారుతూ, వేర్వేరు జీవుల్లో వేర్వేరు పనుల్లో కుదురుకుంటుంది. గొలుసులో ఆమ్లాలు మారిపోయినా ముడుచుకునే తీరు మారదు. అలాంటి చుట్టాలందరిలో ఒకే లూపు కనిపిస్తే అది వారసత్వం, అంతకన్నా విశేషం లేదు. ఒకరికొకరు ఏమీ కాని ప్రోటీన్లు వేటికవి ఆ వంపుకే చేరితేనే దాన్ని వర్గం అనగలం. ఈ సంగతి నాకు తెలియక కాదు. అందరూ చేసినట్టే నేనూ గొలుసుల్ని పోల్చి, ఆమ్లాలు బాగా కలిసినవాటిలో ఒకదాన్నే ఉంచుకున్నాను. దగ్గరి చుట్టాలు ఆ జల్లెడలో ఆగిపోయారు. దూరపు చుట్టాల గొలుసులు కలవవు, కాబట్టి వాళ్లు జారి వచ్చేశారు. అనుమానం ఎందుకు రాలేదంటే, నేను పెరిగిన కాలనీలో చుట్టం కానివాళ్లే లేరు. అందరూ చుట్టాలైన చోట చుట్టరికం కంటికి ఆనదు. ఇంకెక్కడైనా పెరిగి ఉంటే ఈ పొరపాటు చేసేదాన్ని కాదేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

నా దగ్గర లూపుల కోణాలే ఉన్నాయి, మొత్తం ప్రోటీన్ల లెక్కలు విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వెళ్లి చూస్తే గానీ తేలదు. కొండ చరియలు పడి లైను తెగింది, ప్యాసింజరు బండి ఆపేశారు. ఇంత వానలో ఇప్పుడే ఎల్లాలేటని అమ్మ అడ్డుపడింది. బస్సులో గీదం, అక్కడి నుంచి జగదల్‌పూర్, అక్కడ బస్సు మారి ఘాటు రోడ్డు దిగడం. గీదంలో బస్సు చాలాసేపు ఆగింది. టీ తాగుతూ నాకు నేనే చెప్పుకున్నాను, ఇక్కడి నుంచే వెనక్కి పోవచ్చు. జల్లెడ అందరూ వాడేదే. నాన్న నాలుగు మాటలు చెప్పి కూర్చోకపోతే నాకు ఈ అనుమానమే లేదు. అధ్యాయం సగం రాసేశాను కూడా. ఆ ఆలోచన నాకు అసహ్యంగా ఏమీ అనిపించలేదు, చాలా హాయిగా అనిపించింది. అందుకే భయమేసి, బస్సు బయల్దేరే ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

కంప్యూటరు ముందు నా వంతు కోసం కాచుకుని, ఒక్కో ప్రోటీనునూ ఇంకోదాని మీద పెట్టి చూశాను. ఈసారి లూపునొక్కదాన్నే కాదు, మొత్తం ఉండని. ఒకటి ఇంకోదాని మీద చక్కగా కూర్చుంది. తర్వాతిదీ కూర్చుంది. స్ట్రాండ్ల వరస అదే, హెలిక్స్‌ల ఒరుగు అదే. అందరూ ఒకే ఇంటివాళ్లు. ఒక్కటి మాత్రం కూర్చోలేదు. దాని ఉండ పూర్తిగా వేరు, లూపు మాత్రం నాదే. ఆ ఒక్క పరాయిది చాలు నాకు. వర్గం నిలబడుతుంది. లైబ్రరీకి పరిగెత్తి, ఆ ప్రోటీను ఆకారం కనుక్కున్నవాళ్ల వ్యాసం తీశాను.

లూపులు ప్రోటీను పైపైన ఉంటాయి, కొన్ని కదులుతుంటాయి. గ్రూపు ఫోటోలో కుదురుగా నిలబడని పిల్లాడి మొహంలా, అవి ఎక్స్‌రే చిత్రంలో సరిగ్గా పడవు. ఈ లూపూ పడలేదు. కనపడని చోట, ఇంకో ప్రోటీనులో అలాంటి చోటే ఉన్న లూపును చూసి ఊహించి పూరించామని వాళ్లు ఒక్క వాక్యంలో నిజాయితీగా రాసుకున్నారు. ఏ ప్రోటీనును చూసి పూరించారో కూడా రాశారు. అది నా గుత్తిలోదే, అంటే ఆ పరాయిదాని వంపు కూడా అరువుదే. చదివి పుస్తకం మూసేశాను. దుఃఖం కంటే ముందు ఒళ్లంతా అలసట వచ్చింది.

గైడు గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డమనిషి కాదు. నా బాగు కోరే మాట్లాడాడు.

“నువ్వు వాడిన జల్లెడ అందరూ వాడేదే. ఎగ్జామినర్ కూడా ఇది అడగడు.”

“నేను అడిగేశాను కదండీ.”

“ఆ అధ్యాయం తీసేస్తే ఇంకో ఏడాది పడుతుంది. ఫెలోషిప్ లేదు. ఎలా మరి?”

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. చుట్టాల్ని దూరంనుంచి కూడా పట్టుకునే జల్లెడ ఒకటి ముందు తయారుచేసుకుని, ఆ తర్వాత మళ్లీ వర్గాలు చూస్తానన్నాను. కొత్త వర్గం దొరక్కపోవచ్చు అన్నాడాయన. దొరక్కపోవచ్చు అన్నాను నేనూ.

కిరండూల్ తిరిగొచ్చి తాడు మీది గుత్తి నేనే విప్పాను. అమ్మ ఆ రోజు ఆ తాడు మీద చీర ఆరేయలేదు. ఆరేయకపోవడం నాకు ఇంకా కష్టంగా అనిపించింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, ఖాళీ తాడు చూసి, ఏమైందని అడిగాడు. ఆయన మాటే కారణమని చెబితే బాధపడతాడని చెప్పలేదు. లెక్క తప్పింది, మళ్లీ చేయాలి అన్నాను. మళ్లీ సెయ్యి మరి అని స్నానానికి వెళ్లిపోయాడు. ఆ ఏడాది టౌన్‌షిప్ పిల్లలకు లెక్కలు, సైన్సు ట్యూషన్లు చెప్పుకుంటూ గడిపాను. ఆ కొత్త జల్లెడనే పెద్ద అధ్యాయం చేసి తీసిస్ ఇచ్చాను. అందులో కొత్త వర్గం ఒక్కటీ లేదు. వచ్చిన పరీక్షకుడు శ్రద్ధగల పని అని రాశాడు. అంతకంటే చప్పటి మాట మా చదువుల్లో ఇంకోటి లేదు. ఆ తీసిస్ చూసి పెద్ద సంస్థలేవీ నన్ను పిలవలేదు. జగదల్‌పూర్‌లో ఒక కాలేజీలో చేరాను, అక్కడే ఉండిపోయాను.

నేను చేరిన కొన్నేళ్లకు ఆ వర్గం అచ్చయింది. వేరే దేశంలో వేరేవాళ్లు కనుక్కున్నారు. అదే స్ట్రాండు, అదే హెలిక్స్, అదే మెలిక. గుత్తిలో దాదాపు అవే ప్రోటీన్లు, ఆ పూరించిన లూపుతో సహా. దానికో పేరు కూడా పెట్టారు. నాది కాని పేరు చూసి కడుపు రగిలిపోయింది. పొరపాటు ఎక్కడుందో వివరంగా ఆ పత్రికకు రాశాను. అందిందని జవాబొచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. మెల్లగా అది వ్యాసాల్లోంచి సమీక్షల్లోకి, సమీక్షల్లోంచి మా ఎమ్మెస్సీ పాఠంలోకి వచ్చింది. పాఠం చెప్పేది నేనే. సిలబస్‌లో ఉంది కాబట్టి చెప్పేదాన్ని. పరీక్షలో తరచుగా అడిగేవాళ్లు కూడా. పిల్లలు బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకునేవాళ్లు. మొదట్లో ఒళ్లు మండేది, పోనుపోను అలవాటైపోయింది. అలవాటైపోవడమే నాకు నచ్చలేదు, కానీ ఏమీ చేయలేదు.

ఈ మధ్య సరిహద్దు దగ్గరి మరైగూడ నుంచి ఒకమ్మాయి మా కాలేజీలో ఎమ్మెస్సీకి వచ్చింది. వాళ్లది వ్యవసాయం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. క్లాసు హిందీలో నడిచేది. బయట వరండాలో నాతో తన తెలుగులో మాట్లాడేది. ఆ పాఠం అయిన రోజు పుస్తకంలో ప్రోటీన్ల బొమ్మల పేజీ తెరిచి పట్టుకుని నా వెనకే స్టాఫ్ రూమ్ దాకా వచ్చింది.

“ఇదేంది మేడం, ఇవన్నీ ఒకే ఇంటోళ్ల లెక్క కొడ్తున్నయి. లూపొక్కటే కాదు, మొత్తమే ఒక్క తీరుగున్నయి. ఇది వర్గం ఎట్లయితది?”

కుర్చీ చూపించి కూర్చోబెట్టాను. ఆ రోజు మొదటిసారి ఒక మనిషికి మొత్తం చెప్పాను. తాడు, భోజనాలు, గీదంలో బస్సు, నేను నష్టపోయిన ఏడాది, పత్రికకు రాసిన ఉత్తరం. నాన్నకు కూడా చెప్పనిది ఆ పిల్లకు చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా వింది. చివర్లో గట్టిగా హెచ్చరించాను. పేపర్లు దిద్దేది నేను కాదు, బయట ఎవరో దిద్దుతారు. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయి, నిజం తర్వాత చూసుకుందాం అన్నాను. సరే మేడం అంది.

ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది. ఫలితాలు వచ్చాక చూస్తే, మిగతా అన్నింటిలో ముందున్న పిల్లకు ఆ ఒక్క పేపర్లో మార్కులు అడుగంటాయి. స్టాఫ్ రూమ్‌కు పిలిపించాను. ఏం రాశావని అడిగితే, ఆ వర్గం వర్గం కాదని, ఎందుకు కాదో కారణాలతో సహా రాశానంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. చెప్పాను కదా అని అందరి ముందూ అరిచాను. పై చదువుకు ఆ మార్కులు ఎంత అవసరమో తెలుసా అన్నాను. ఆమె తల దించుకోలేదు. మామూలుగా అంది.

“తెలిసే రాసిన మేడం. మీకు ఏడాది పోయింది. నాకు మార్కులే గద పోయినయి.”

ఆ అధ్యాయం తీసేసిన రోజు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. స్టాఫ్ రూమ్‌లో తోటి లెక్చరర్లంతా చూస్తుండగా, ఆ పిల్ల చేయి పట్టుకుని కూర్చుని ఏడ్చాను.